తొమ్మిదిన్నర గంటల దారి

అల్లుడి ఉద్యోగం సిటీ బస్సుల ఆఫీసులో. ఏ బస్సు ఏ స్టాపు నుంచి ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో, ఏ డ్రైవరు ఎప్పుడు దిగి ఎవరికి స్టీరింగు అప్పగించాలో కాగితం మీద నిర్ణయించే పని. అందుకని ఇంట్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా "ఎంతసేపు పడుతుంది?" అని అతన్నే అడుగుతారు. అతను చెబుతాడు. చెప్పింది చాలావరకు తప్పదు. పైకి అనడు గానీ, ఆ సంగతి తలుచుకుంటే అతనికి లోపల్లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ గర్వమే అతని కొంప ముంచింది.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. భార్య సోఫాలో కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆఫీసు మెట్ల మీద జారిపడి మడమ విరగ్గొట్టుకుని, మోకాలి దాకా కట్టు వేయించుకుని, ఆ కట్టు లోపల దురద పెడుతున్న కోపం అందరి మీదా చూపిస్తోంది. పక్క కుర్చీలో అత్తగారు ఉతికిన తువాళ్ళు మడత పెడుతోంది. ఆవిడ ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. తువాళ్ళు కూడా ఆవిడ చేతిలో అంచుకి అంచు కలిసి, వరసలో నిలబడ్డట్టుంటాయి.

ఫోన్ చేసింది పెద్దమామగారు, అంటే అత్తగారి అక్క భర్త. దూరదేశంలో ఉంటారు. ఎప్పుడూ ఫోన్ చేసే మనిషి కాదు.

"బాబూ, మీ పెద్దత్తయ్య స్నానానికి వెళ్ళింది. వచ్చేలోగా చెప్పేస్తాను, విను," అన్నారాయన గుసగుసగా. "గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక తీసెయ్యాలంటున్నారు. గురువారం పొద్దున ఆపరేషను. ప్రాణానికి భయం లేదుట. కానీ మాట ఉండదు. ఆవిడకి మాట లేకపోతే ఎలా బాబూ?"

పెద్దత్తగారు ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించే దుకాణం నడుపుతోంది. కత్తెర కంటే ఆవిడ నోరే ఎక్కువ ఆడుతుందనీ, సగం మంది జుట్టు పెరగకపోయినా ఆవిడ కబుర్ల కోసమే వచ్చి కుర్చీలో కూర్చుంటారనీ భార్య చెప్పగా విన్నాడు.

"మీ అత్తయ్యతో చెప్పు. వస్తుందో రాదో ఆవిడ ఇష్టం. నేను ఫోన్ చేశానని మాత్రం ఈవిడకి తెలియకూడదు," అని ఆయన పెట్టేశారు.

చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పెద్దమామగారి గుసగుస కూడా గది నాలుగు మూలలా వినిపించింది. అత్తగారు చేతిలో తువాలు మడత పూర్తిచేసి, దొంతర మీద పెట్టి, అరచేత్తో ఒకసారి అదిమింది. అక్కచెల్లెళ్ళిద్దరికీ మాటలు లేక పదకొండేళ్ళు. ఎందుకో అల్లుడికి సరిగా తెలీదు. "అమ్మమ్మ పోయినప్పుడు మాటా మాటా వచ్చింది, నన్నడక్కండి," అని భార్య అప్పట్లోనే తేల్చేసింది.

"ఎంతసేపు దారి?" అంది అత్తగారు.

అల్లుడు కంప్యూటర్ తెరిచి రెండు ఊళ్ళ పేర్లూ కొట్టాడు. తెర మీద సముద్రాలు దాటుతూ విల్లులా వంగిన గీత ఒకటి ప్రత్యక్షమైంది. ఏడువేల చిల్లర కిలోమీటర్లు.

"తొమ్మిదిన్నర గంటలు అత్తయ్యా," అన్నాడు, బస్సు రూటు చెప్పినంత ధీమాగా.

"అంతే. నాకూ గుర్తుంది," అందావిడ, అదోలా. "తొమ్మిదిన్నరే."

కూతురు కట్టు కాలు చూపించి, "నేను కదల్లేను. అమ్మని ఒక్కదాన్నీ పంపలేం. మీరు వెళ్ళండి," అంది మొగుడితో. అలా ఖాయమైంది.

తిన్నగా వెళ్ళే విమానం నిండిపోయింది. మధ్యలో ఒక ఊళ్ళో మారే టిక్కెట్టు దొరికింది. మంగళవారం పొద్దున్న ఎక్కితే, మారడంతో కలిపి, బుధవారం తెల్లారేసరికి అక్కడుంటారు. ఆపరేషనుకి ఇంకా ఒక రోజు మిగులుతుంది. అల్లుడు పెద్దమామగారికి కబురు పెట్టి, ఇదంతా అత్తగారికి కాగితం మీద గీసి చూపించాడు. ఆవిడ కాగితం వంక చూడకుండా, "మీరు చెప్పారుగా, చాలు," అంది. అతని మీద ఆవిడ అంత నమ్మకం పెట్టడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదలు.

మంగళవారం విమానం తలుపులు వేసుకుని, బెల్టులు పెట్టించుకుని, కదలకుండా కూర్చుంది. ముందు దారి ఖాళీ లేదన్నారు. తర్వాత ఏదో లైటు వెలగడం లేదన్నారు. ఇంకాసేపటికి, వెలగకూడని లైటు ఒకటి వెలుగుతోందన్నారు. లోపల గాలి ఆడక జనం చేతికి దొరికిన కాగితమల్లా విసురుకుంటున్నారు. అత్తగారు నిటారుగా కూర్చుని, కాసేపటికోసారి అల్లుడి వైపు తిరుగుతోంది.

"అల్లుడుగారూ, తొమ్మిదిన్నర ఎప్పట్నుంచి లెక్క?"

"గాల్లోకి లేచిన దగ్గర్నుంచి అత్తయ్యా."

"లేవకపోతే?"

అందర్నీ దింపేశారు. ఇంకో విమానం తెప్పించి, సామాన్లు అందులోకి మార్చి, మళ్ళీ ఎక్కించేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అయినా అల్లుడు లోలోపల లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. మారే ఊళ్ళో పరుగెత్తితే రెండో విమానం అందొచ్చు. ముందు సీటు వెనక చిన్న తెర ఉంది. దాని మీద బుల్లి విమానం బొమ్మా, పక్కనే 'మిగిలిన దూరం' అని అంకె. ఆ అంకె తగ్గుతుంటే అతని ప్రాణం కుదుటపడింది. కాసేపు కునుకు తీశాడు.

అత్తగారు మోచేత్తో పొడిచింది. "ఇదేంటి, పెరుగుతోంది?"

నిజమే. అంకె పెరుగుతోంది. బుల్లి విమానం ముక్కు పక్కకి తిప్పుకుని, వెళ్ళాల్సిన ఊరికి వీపు పెట్టి పోతోంది. ముందు పెద్ద తుఫాను ఉందిట, చుట్టూ తిరిగి వెళ్ళాలిట. పైలట్ ఈ మాట ఎంత తీరిగ్గా చెప్పాడంటే, అల్లుడికి లేచి వెళ్ళి ఆ తలుపు కొట్టాలనిపించింది. తన ఆఫీసులో ఏ డ్రైవరైనా రూటు తప్పి ఇలా తిరిగితే మర్నాడు సంజాయిషీ అడుగుతారు. ఇక్కడ అడిగేవాడెవడు? తుఫాన్ని ఎవడడుగుతాడు?

మారాల్సిన ఊళ్ళో దిగేసరికి తెల్లారింది. రెండో విమానం అప్పటికే వెళ్ళిపోయింది.

కౌంటరు ముందు వరస పాములా మెలికలు తిరిగి ఉంది. ఆ మెలికల్లో నిలబడి నిలబడి అల్లుడి కాళ్ళు పీకుతున్నాయి. అత్తగారు మాత్రం ముందువాళ్ళనీ వెనకవాళ్ళనీ తేరిపార చూసి, "లైన్లో నిలబడ్డం కూడా రాదు వీళ్ళకి," అని భాష తెలియని ఇద్దరు మగవాళ్ళని భుజం పట్టుకుని వరసలోకి జరిపింది. వాళ్ళు నోరెత్తకుండా జరిగారు.

కౌంటరు అమ్మాయి కళ్ళ కింద నల్లటి చారలున్నాయి. ఎంతమంది చేత తిట్లు తిన్నదో పాపం. ఈ రోజు ఆ ఊరికి వెళ్ళే విమానాలన్నీ నిండిపోయాయంది. అల్లుడు ఆపరేషను సంగతి చెప్పాడు. అర్థమైందంది. ఇంకోసారి చెప్పాడు. ఇంకోసారి అర్థమైందంది. చివరికి ఎక్కడో వెతికి, ఇంకో ఊరి మీదుగా ఒక దారి పట్టుకుంది. కొంత వెనక్కి వెళ్ళి, అక్కణ్ణుంచి ముందుకి వెళ్ళాలి. గురువారం తెల్లవారుజామున చేరతారు.

"వెనక్కి వెళ్ళడమేంటమ్మా?" అన్నాడు అల్లుడు గొంతు పెంచి. "మేం వెళ్ళాల్సింది అటు."

"అటు నుంచి అటు వెళ్తారు సార్," అందా అమ్మాయి.

ఆ టిక్కెట్లు చేత్తో పట్టుకుని, చెప్పిన గేటు దగ్గర కూర్చున్నారు. ఎదురుగా అద్దాల అవతల విమానం ఉంది. దాన్ని చూస్తూ ప్యాకెట్లోని చప్పటి శాండ్‌విచ్ తిన్నారు. ఎక్కే వేళ దాటింది. మరి కాసేపటికి గేటు దగ్గరున్న కుర్రాడు మైకు తీసుకుని, పైలట్ల డ్యూటీ వేళ ముగిసిపోయిందనీ, కొత్తవాళ్ళు వచ్చేదాకా విమానం కదలదనీ, వాళ్ళు ఎప్పుడొస్తారో తెలియదనీ ప్రకటించాడు.

జనం ఒక్కసారిగా భగ్గుమన్నారు. అల్లుడు కూడా లేచాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. డ్రైవర్ల డ్యూటీ నిబంధనలు రాసేది అతనే. వేళ దాటితే ఎంత గొడవైనా సరే బండి కదలకూడదని ఎర్ర సిరాతో గీత గీసేదీ అతనే. స్టాపులో నిలబడి తిట్టుకునే జనాన్ని ఇన్నేళ్ళలో ఒక్కసారీ వెళ్ళి చూడలేదు. వెనక్కొచ్చి, ఉసూరుమని కుర్చీలో కూలబడ్డాడు. ఒళ్ళంతా మండుతోంది, ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక ఇంకా మండుతోంది.

"ఏమన్నారు?" అంది అత్తగారు.

"ఇవాళ కుదిరేలా లేదత్తయ్యా. రేపు మధ్యాహ్నానికి చేరితే గొప్ప."

ఆవిడ శాండ్‌విచ్ కాగితాన్ని అంచుకి అంచు కలిపి మడత పెట్టింది. తిడితే బాగుండుననిపించింది అతనికి.

"అత్తయ్యా, ఫోన్ చేద్దాం. ఇవాళే కదా పెద్దత్తయ్యకి మాట ఉన్న ఆఖరు రోజు. మొహాలు చూసుకోవడం తర్వాతైనా కుదురుతుంది. మాట మళ్ళీ రాదు."

"ఫోన్లో కాదు."

"ఎందుకు కాదు?"

"కాదన్నానుగా."

అల్లుడికి చిర్రెత్తింది. రెండు రోజులుగా మింగుతున్న కోపమంతా ఒక్కసారి బయటికొచ్చింది. "పోనీ చెప్పండి! అసలేం జరిగింది మీ ఇద్దరికీ? ఆ మాట తెలియకుండా ఏడువేల కిలోమీటర్లు మిమ్మల్ని మోసుకుని వెళ్తున్నాను. ఫోన్ చెయ్యనంటారు. విమానం కదలదు. ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

పక్క కుర్చీల్లోవాళ్ళు తిరిగి చూశారు. అత్తగారితో గొంతు పెంచి మాట్లాడటం అతనికదే మొదటిసారి. నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం కోపం తెచ్చుకోలేదు. అద్దాల అవతల కదలని విమానం వంకే చూస్తూ చెప్పింది.

"మా అమ్మ పోయినప్పుడు దానికి ఫోన్ చేశాను. వెంటనే బయల్దేరుతున్నాను, నేనొచ్చేదాకా ఉంచండి అంది. ఎంతసేపు పడుతుందని అందర్నీ అడిగాను. తొమ్మిదిన్నర గంటలన్నారు. సరే, రాత్రికల్లా వచ్చేస్తుంది అనుకున్నాను. రాలేదు. మర్నాడు పొద్దున రాలేదు. మధ్యాహ్నమైంది. ఇంటి నిండా జనం. ఇంక ఆగడం కుదరదన్నారు పెద్దవాళ్ళు. నేనూ సరే అన్నాను. అంతా అయిపోయాక ఆ సాయంత్రం దిగింది, చెప్పులు తెగి, ఒంటి మీద బట్టలతో. సామానేమైందో కూడా తెలీదు."

"ఆవిడేమంది?"

"అది అనేలోపు నేనే అన్నాను. అందరి ముందూ. తొమ్మిదిన్నర గంటల దారికి రెండు రోజులా, మధ్యలో దిగి బజారు చేశావా అని." ఆవిడ గొంతు సవరించుకుంది. "విమానం రాలేదే, తిప్పి తిప్పి తెచ్చారే అని చెబుతూనే ఉంది. నేను నమ్మలేదు. అదెప్పుడూ ఒకటికి పది కలిపి చెప్పే మనిషి. కథలు అల్లుతోందనుకున్నాను."

అల్లుడు చేతిలోని టిక్కెట్లు తిరగేశాడు.

"నిజమే చెప్పిందన్నమాట," అంది అత్తగారు. జాలిగా కాదు, కోపంగా అంది. "పదకొండేళ్ళ తర్వాత ఈ కుర్చీలో కూర్చుంటే తెలిసింది. ఇప్పుడు తెలిసి ఎవరికి లాభం? ఫోన్ ఇలా ఇవ్వండి."

తీరా ఆవిడ ఒప్పుకుంటే అల్లుడి ఫోన్ మొరాయించింది. ఆ దేశంలో సిగ్నల్ పట్టదుట. అక్కడి వైఫై పెట్టుకోబోతే, నీ ఫోన్‌కి ఒక నంబరు పంపాం, అది కొట్టు అంటుంది. ఫోన్ పనిచెయ్యదనే కదా వైఫై అడిగింది, మళ్ళీ ఆ ఫోన్‌కే పంపితే ఎలా వస్తుంది? మూడుసార్లు ప్రయత్నించి, నాలుగోసారి ఫోన్‌ని తొడకేసి కొట్టుకున్నాడు. ఎదురు కుర్చీలో చంటిబిడ్డని భుజాన వేసుకుని జోకొడుతున్న ఒకావిడ ఇదంతా చూస్తోంది. భాష రాదు గానీ, అవస్థ అర్థమైనట్టుంది. తన ఫోన్ తీసి అందించింది.

మొదటి రింగుకే ఎత్తారు. పెద్దమామగారు కాదు.

"ఎక్కడ చచ్చావే?" అంది అవతలి గొంతు. సగం అప్పటికే అరిగిపోయి, గరగరమంటోంది. అత్తగారు చెవికి కాస్త ఎడంగా పట్టుకోవడంతో అల్లుడికీ వినబడుతోంది.

"ఎక్కడో ఉన్నానక్కా. ఈ ఊరి పేరు నాకు నోరు తిరగడం లేదు."

"పొద్దున్నే వస్తున్నావని మీ బావ చెప్పాడు. ఆయన కడుపులో మాట దాగదు, నీకు ఫోన్ చేసిన రోజే కక్కేశాడు. నిన్నట్నుంచి ఆసుపత్రి మంచం మీద కూర్చుని తలుపు వంక చూస్తున్నాను. తొమ్మిదిన్నర గంటల దారికి ఎన్ని రోజులే? మధ్యలో దిగి బజారు చేస్తున్నావా?"

అత్తగారు ముందు వరసలో నిలబెట్టిన పిల్లలా బిగుసుకుపోయింది.

"మాట్లాడు. నాకు టైం లేదు," అంది అక్క.

"నువ్వు ఆ రోజు నిజమే చెప్పావు."

"ఏ రోజు?"

"ఏ రోజో నీకు తెలుసు."

"తెలుసు. నీ నోటితో చెప్పు."

"అమ్మ పోయినప్పుడు. విమానం రాలేదన్నావు. నేను నమ్మలేదు. తప్పు నాదే." అంతలోనే అత్తగారు ఆదరాబాదరాగా అందుకుంది. "అక్కా, ఒక్క రోజు ఆగమని డాక్టర్ని అడుగు. రేపు మధ్యాహ్నానికి వచ్చేస్తాను. ఒక్క రోజుకి ఏమైపోతుంది? ఎల్లుండి చెయ్యమను."

అవతల ఊపిరి గరగరమని వినబడింది.

"అడిగానే," అంది అక్క చివరికి. "నువ్వొస్తున్నావని తెలిసిన రోజే అడిగాను. ఆగడం కుదరదన్నారు."

అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఏడవకు. నీకు ఏడుపు బావుండదు, మొహం గుమ్మడికాయలా అవుతుంది," అంది అక్క. "విను. అసలు నేను నీతో చెప్పాలని దాచుకున్నది ఏంటంటే, ఆ రోజు నువ్వు…"

ఫోన్ మూగబోయింది. అత్తగారు "అక్కా, అక్కా" అని రెండుసార్లు పిలిచింది. అల్లుడు లాక్కుని చూశాడు. తెర నల్లగా ఉంది. ఛార్జింగు అయిపోయింది. బిడ్డ తల్లి మొహంలో తప్పు చేసినట్టు బాధ. బిడ్డని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ, సంచిలో తీగ కోసం తెగ వెతికింది. ఇంతలో ఆవిడ విమానానికి పిలుపు వచ్చింది. చేతులు జోడించినట్టు ఏదో సైగ చేసి పరుగెత్తింది.

ఆ సాయంత్రమంతా అల్లుడు ఫోన్ అడగని మనిషి లేడు. కొందరు అనుమానంగా చూసి మొహం తిప్పుకున్నారు. ఇద్దరు ఇచ్చారు. ఒకసారి అవతల లైను దొరకలేదు. ఇంకోసారి పెద్దమామగారు ఎత్తి, "మందిచ్చి పడుకోబెట్టేశారు బాబూ. పొద్దున ఇంక లేపరుట," అన్నారు. ఆ మాట అత్తగారికి ఎలా చెప్పాలా అని గేటు దగ్గరికి నడుస్తూ తడబడ్డాడు. ఆవిడ అతని మొహం చూసి అడగనే లేదు.

గురువారం మధ్యాహ్నం దాటాక దిగారు. సామాన్లు వచ్చే బెల్టు తిరిగి తిరిగి ఆగిపోయింది, వాళ్ళ రెండు సంచులూ రాలేదు. అవి ఏ ఊళ్ళో ఉన్నాయో కనుక్కుని చెబుతామని ఒక కాగితం చేతిలో పెట్టారు. చదువుకునే కళ్ళజోడు ఆ సంచిలోనే ఉండిపోయిందని అత్తగారికి టాక్సీలో గుర్తొచ్చింది.

ఆపరేషను బాగా జరిగింది. ఆ రోజు తలుపు అద్దంలోంచి చూడనిచ్చారు, అంతే. మర్నాడు పొద్దున గదిలోకి రమ్మన్నారు. పెద్దత్తగారు మంచం తల వైపు ఎత్తించుకుని, దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మెడ చుట్టూ కట్టు, కట్టు మధ్యలో గొట్టం. జుట్టు మాత్రం ఒక్క పోగు చెదరకుండా దువ్వి ఉంది. ఒళ్ళో తెల్లటి పలక, చేతిలో పెన్ను. పెద్దమామగారు కిటికీ దగ్గర నిలబడి, రాత్రంతా నిద్ర లేని కళ్ళతో నవ్వే ప్రయత్నం చేస్తున్నారు.

అత్తగారు గుమ్మంలో ఆగిపోయింది. అక్క ఆవిణ్ణి నెత్తి నుంచి పాదాల దాకా చూసి, వేలితో దగ్గరికి రమ్మని సైగ చేసింది. పక్కన కూర్చోమంది. కూర్చోగానే పెన్ను తీసి రాయడం మొదలుపెట్టింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి, అలాగే రాసింది. పలక నింపి చెల్లెలి మొహం మీద పెట్టింది.

"కళ్ళజోడు లేదక్కా," అంది అత్తగారు నిస్సహాయంగా. "సంచి రాలేదు. ఏం రాశావో ఏమో, చీమలు పాకినట్టుంది."

పెద్దత్తగారు పలక మీద అరచేత్తో ఫట్‌మని కొట్టింది. మొగుడి వైపు తిప్పింది. ఆయన ఒక వాక్యం చదివి, "నా వల్ల కాదు," అని తల అడ్డంగా ఊపారు. పలక అల్లుడి చేతిలోకి వచ్చింది.

"పెద్దత్తయ్య ఏమంటున్నారంటే అత్తయ్యా," అని మొదలుపెట్టాడు, "ఆ రోజు మీరు అందరి ముందూ…"

ఫట్‌మని మంచం మీద చరిచింది పెద్దత్తగారు. పలక మీద మొదటి మాట వేలితో పొడిచి చూపించింది. అది చదవాల్సిందే.

అల్లుడు గొంతు తడుపుకున్నాడు. "ఒసే మొద్దూ," అని చదివాడు, అత్తగారి మొహంలోకి చూడకుండా. "ఆ రోజు అందరి ముందూ అన్నావు. సరే. అప్పుడు నీ బుర్ర పనిచెయ్యలేదు. కానీ తర్వాత ఒక్కసారి ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయింది? పదకొండేళ్ళు. ప్రతి పుట్టినరోజుకీ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నీకు పొగరు. నాకూ ఉంది, కానీ నీదే ఎక్కువ. చిన్నప్పట్నుంచీ అంతే. నా రిబ్బను తీసుకుని ఇవ్వలేదు, అడిగితే నీదే అన్నావు…"

అలా చాలా ఉంది. ఒక పలక అయ్యేసరికి ఆవిడ చెరిపి ఇంకోటి నింపేది. అల్లుడు చదివేవాడు. ఇన్నేళ్ళుగా తనకి ప్రతిదానికీ వంక పెట్టిన అత్తగారిని ఇంత తీరుబడిగా తిట్టే అవకాశం దొరికితే సంబరపడాల్సింది. కానీ 'పెంకిఘటమా' అని చదువుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. గొంతు తగ్గిస్తే పెద్దత్తగారు ఊరుకోలేదు. పైకి, పైకి అని చెయ్యి ఎత్తి చూపించింది. అత్తగారు తల వంచుకుని అన్నీ విన్నది. మధ్యలో ఒక్కసారి మాత్రం, "రిబ్బను నాదే," అంది.

చివరి పలక మీద ఒకే వాక్యం ఉంది. చదవబోయి అల్లుడు ఆగాడు. ఈసారి ఆవిడ చరచలేదు.

"అమ్మ ఆఖర్న నా గురించి ఏమైనా అందా?" అని నెమ్మదిగా చదివాడు.

అత్తగారు తన అరచేతులు చూసుకుంది. "తల దువ్వమంది," అంది. "పెద్దది వచ్చి నా జుట్టు ఇలా చూస్తే ఊరుకోదు, దువ్వవే అంది. నాకు దువ్వడం వచ్చి చస్తే కదా. చిక్కు తియ్యబోయి గట్టిగా లాగాను. 'మోటు చెయ్యి నీది, దాని చెయ్యి ఎంత మెత్తనో' అంది. తర్వాత నిద్రపోయింది. ఇంక మాట్లాడలేదు. ఈ మాట నీకు ఆ సాయంత్రమే చెప్పాల్సింది. కోపంలో మింగేశాను."

పెద్దత్తగారు కదలలేదు. కట్టు మధ్య గొట్టంలో గాలి మాత్రం లోపలికీ బయటికీ ఆడుతోంది. తర్వాత పలక చెరిపి, పెద్ద పెద్ద అక్షరాలతో, కళ్ళజోడు లేకుండా కూడా చదవగలిగేలా రాసింది.

"ఏ పాపిడి తీశావు?"

"మధ్య పాపిడి," అంది అత్తగారు బెరుగ్గా.

అక్క నుదురు కొట్టుకుంది. పెన్ను తీసుకుని, అమ్మకి పక్క పాపిడే ఎందుకు తియ్యాలో బొమ్మ గీసి మరీ చూపించడం మొదలుపెట్టింది. చెల్లెలు పలక మీదకి వంగి, "అలా కాదక్కా, ఆ వైపు జుట్టు పల్చబడింది, నువ్వు చూడలేదు," అని వాదిస్తోంది. పెద్దమామగారు మెల్లిగా కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్ళు మూసుకున్నారు.

అల్లుడు బయటి వరండాలోకి వచ్చి పెద్దమామగారి ఫోన్‌తో సామాన్ల ఆఫీసుకి ఫోన్ చేశాడు. పాట వినిపించారు. మళ్ళీ అదే పాట వినిపించారు. చాలాసేపటికి ఒకతను లైన్లోకి వచ్చి, సంచుల్లో విలువైనవేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"కళ్ళజోడు," అన్నాడు అల్లుడు. "అది తొందరగా కావాలి."

"రెండు గంటల్లో మీ దగ్గరుంటాయి సార్."

"ఆ రెండు గంటలు ఎప్పట్నుంచి లెక్క?" అని అరిచాడు అల్లుడు. వరండాలో నర్సు వేలు పెదాల మీద పెట్టి కసిరింది.

అవతలివాడు జవాబు వెతుక్కుంటుండగానే గదిలోంచి అత్తగారి డ్రిల్లు గొంతు గోడలు దాటి వచ్చింది.

"అల్లుడుగారూ, ఎక్కడికెళ్ళారు? రండి, ఇంకో పలక నిండింది!"